మృగశిర కార్తెకు పాస్తా

నేను పుట్టింది కోదాడలో. మిర్యాలగూడకు కాపురానికొచ్చి ఇరవై రెండేళ్లయింది. ఇన్నేళ్లలో ఈ ఊరి గురించి నాకు బాగా అర్థమైన సంగతి ఒకటుంది. ఇక్కడ మనిషి ఏ తప్పు చేసినా నాలుగు రోజులు చెప్పుకుని వదిలేస్తారు. ఇంట్లో బియ్యం పెట్టుకుని ఇంకోటి వండితే మాత్రం వదలరు. ఎటు తిరిగినా రైసు మిల్లే, ఎవరిని కదిపినా వడ్ల సంగతే. అలాంటి ఊళ్లో, అదీ మృగశిర కార్తె వచ్చిన రోజున, నేను పాస్తా వండాను. అందులోకి టమాటా సాసు, ఆ సాసులో చేప ఉండలు. నాకు పిచ్చి పట్టిందన్నారు. పట్టలేదు. ఎందుకు వండుతున్నానో ఎవరికీ చెప్పుకోలేకపోయాను, అదీ నా కడుపుమంట.

ఇదంతా మా మామయ్య వల్ల జరిగింది. ఆయన ముప్పయ్యేళ్లు ఒక రైసు మిల్లులో పనిచేశాడు. వడ్ల లారీ వచ్చి ఆగగానే బస్తాలోంచి నాలుగు గింజలు తీసి పంటి కింద కొరికి, ఆ చప్పుడును బట్టి తేమ ఎంతుందో చెప్పేవాడు. ఇప్పుడు తేమ చూడడానికి మిషన్లొచ్చాయి. అయినా మిషన్ మీద అనుమానమొస్తే మిల్లు సేటు ఇప్పటికీ మామయ్యకే కబురు పెడతాడు. డెబ్బై దాటినా ఒక్క పన్ను కదల్లేదు. ఊక దుమ్ము పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు మాత్రం చెడిపోయాయి. చలికాలం, వానాకాలం ఆయాసంతో అల్లాడిపోతాడు.

మా అత్తమ్మ కిందటి దసరాకు వారం ముందు చనిపోయింది. ఆమె పోయాక ఇంట్లో మొదటిసారి చేపలు వండిన రోజు మామయ్య కంచం పక్కకు జరిపాడు.

"నాకొద్దు బిడ్డా. ఇగ నేను శాపలు తినను" అన్నాడు.

అంతే, ఇంకో మాట లేదు. మా ఆయన కళ్లు తుడుచుకున్నాడు. పోయినవాళ్ల పేరు మీద ఇష్టమైన తిండి వదిలేయడం మాలో ఉన్నదే. మా మామయ్యకు చేపలంటే ప్రాణమని వీధంతటికీ తెలుసు. రెండు రోజుల్లో ఆయన మా వీధికి దేవుడైపోయాడు. పక్కింటి పెద్దమ్మయితే అరుగు మీద కూర్చున్న తన భర్తను రోజూ ఎత్తిపొడవడమే.

"ఆయనను సూసి బుద్ధి తెచ్చుకో! పెండ్లాం మీద ప్రేమంటే, పావురమంటే గట్లుండాలె. రేపు నేను పోతే నువ్ కోడికూర గూడ ఇడిసిపెట్టవ్, నాకెర్కనే!"

పాపం, ఆ పెద్దాయన బీడీ వెలిగించుకునేవాడు.

నేనూ నమ్మాను. నమ్మడమే కాదు, కోదాడలో మా అమ్మకు ఫోన్ చేసి మరీ గొప్పగా చెప్పాను. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం జాకెట్టు కుడుతూ కుడుతూ దారం అయిపోతే లోపలికొచ్చి వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయాను. మామయ్య కింద కూర్చుని ఉన్నాడు. ముందు కంచంలో పొద్దుటి చేపల కూరలోని ముక్క ఒకటి. కళ్లకు జోడు. ఎడం చేతిలో సెల్ ఫోన్, దాని టార్చ్ వెలుగుతోంది. కుడి చేతిలో కాలిలో ముల్లు గుచ్చుకుంటే తీసే చిమటా. దాంతో ముక్కలోంచి ముళ్లు లాగుతున్నాడు!

ఒక ముల్లు వచ్చింది. రెండోది విరిగింది. మూడోదాని కోసం లాగితే ముక్క మొత్తం చితికి, ఏది కండో ఏది ముల్లో తెలియకుండా కలిసిపోయింది. అయినా చిటికెడు తీసి నోట్లో పెట్టుకున్నాడు. రెండుసార్లు నమిలి, భయంతో గొంతు పట్టుకుని, తుపుక్కున ఊసేశాడు. తర్వాత కంచంలోదంతా కాగితంలో పొట్లం కట్టి పెరటి గోడ మీది పిల్లికి వేసి, కంచం కడిగి బోర్లించాడు. నేను చప్పుడు కాకుండా వెనక్కి వెళ్లి కుట్టు మిషన్ ముందు కూర్చున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది. ఇరవై రెండేళ్లలో మామయ్య చేయి చేపముల్లును తాకడం నేను చూడలేదు! అత్తమ్మ ఎప్పుడూ ఆయన కంచం పక్కనే కూర్చునేది. ఆ మాటా ఈ మాటా చెబుతూ వేళ్లతో ముక్క విప్పి, ముళ్లు తీసి, కండ ఆయన అన్నం మీద వేసేది. అది ఆమె ప్రేమ అనుకున్నాను. కాదు, ఆయనకు చాతకాదు. అంతకుముందు వాళ్లమ్మ తీసిపెట్టి ఉంటుంది. వడ్లగింజ కొరికి తేమ చెప్పే మనిషి, డెబ్బై ఏళ్లు వచ్చినా ముల్లు తీసుకోవడం నేర్చుకోలేదు. నాకు నవ్వొచ్చింది. ఆ వెనకే ఒళ్లు మండిపోయింది. అడగొచ్చు కదా! నోరు లేదా?

అడగలేడు. ఆ రోజే అర్థమైంది. కోడలిని పిలిచి చంటిపిల్లాడిలా ముళ్లు తీసిపెట్టమనడానికి ఆయనకు సిగ్గు. మొదటి రోజు ఆ సిగ్గుతోనే వద్దన్నాడు. ఈలోపు వీధి ఆయన్ని దేవుణ్ని చేసేసింది. ఇప్పుడు తింటానంటే వదిలేసినవాడు మళ్లీ మొదలుపెట్టాడంటారు, ముళ్లు తీసుకోవడం రాదంటే ఇంకా నవ్వుతారు. ముందుకు పోలేడు, వెనక్కి రాలేడు.

కొర్రమీను తెప్పించి వండి, చాటుగానైనా తింటాడేమోనని వంటింట్లో వదిలి చూశాను, దానికి నడుమ ముల్లొక్కటే కదా అని. ఆ ఒక్క ముల్లుకు కూడా ఆయనకు భయమే. హోటల్ నుంచి ముల్లు తీసేసిన చేపముక్కల వేపుడు తెప్పించి, కోడిమాంసమని చెప్పి పెట్టాను. వాసన చూసి పక్కకు పెట్టాడు. "ఎవడు తీసిండో ముండ్లు, ఏం చెయ్యో ఏమో" అని తనలో తాను గొణుక్కోవడం నేను విన్నాను. అంటే ముల్లు ఉండకూడదు, తీసింది తెలిసిన చేయి అయ్యుండాలి. బాగానే ఉంది సంబడం!

రోహిణి ఎండల్లో ఆయన దగ్గు ఎక్కువైంది. సూర్యాపేట దవాఖానలో పీల్చుకునే మందిచ్చారు. దాన్ని అలమారలో దేవుడి పటం పక్కన పెట్టాడు గానీ దానికంటే ఆయనకు మృగశిర మీదే నమ్మకం. కార్తె వచ్చిన మొదటి రోజు చేప తింటే వానాకాలమంతా ఛాతీ గట్టిగా ఉంటుందని మా వైపు అందరూ నమ్ముతారు, ఆ రోజు చేప వండని ఇల్లుండదు. మామయ్య గోడ మీది క్యాలెండర్ ముందు నిలబడి వేలుతో రోజులు లెక్కపెట్టుకోవడం రెండుసార్లు చూశాను. ఈసారి ఆయన చేప తినాలి, పరువు పోకుండా తినాలి. అప్పటినుంచి నా బుర్రలో ఇంకో ఆలోచన లేదు.

ఫోన్‌లో ఒక వీడియో కనిపించింది. ఎవరో దొరసాని చేపను ఉడికించి, చిదిమి, ఉండలు చుట్టి, టమాటా సాసులో వేసి పాస్తా మీద పోసింది. నేను లేచి కూర్చున్నాను. చేప ఉండలు అన్నంలో పెడితే ఇదేం కూర అని మా ఇంట్లో అందరూ గిన్నెలోకి తొంగి చూస్తారు. పాస్తాలో పెడితే చూడరు. పాస్తాలో ఏముండాలో ఏముండకూడదో మా వీధిలో ఒక్కరికీ తెలియదు. కార్తె కోసం అది చేప, పరువు కోసం అది చేప కాదు. ఇంతకంటే మంచి ఉపాయం ఎవరికైనా తడితే చెప్పమనండి.

పాస్తా మిర్యాలగూడలో దొరక్క కాదు. మా వీధి కొట్టులో కొంటే సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది. అందుకని సూర్యాపేటలో ఉండే మా ఆడబిడ్డకు ఫోన్ చేశాను. ఆమె మా ఆయనకు అక్క, నేను వదినా అని పిలుస్తాను. కార్తె రోజున ఎలాగూ వస్తుంది.

"పాస్తానా? ఎందుకే? ఎవలకన్న పాణం బాగలేదా?" అంది.

"ఊరికే తినాలనిపించింది వదినా."

"తినాలనిపిస్తే బిర్యాని తిను. గా గొట్టాలేంది?" అని తిట్టి, అయినా బస్సులో ఎవరో తెలిసినవాళ్ల చేతికిచ్చి రెండు ప్యాకెట్లు పంపింది.

ఒకదాంతో ముందుగా వండి చూశాను. అన్నం ఎలా వండుతామో అలాగే కడిగి, కుక్కర్లో పెట్టి, మూడు విజిళ్లు రానిచ్చాను. మూత తీస్తే గోడకు పోస్టర్లు అంటించే మైదా! గరిటె నిలబెడితే నిలబడింది. మా ఆయన చూసి, "ఏందిది, ఇంటికి రంగులేపిస్తున్నవా?" అన్నాడు. నేను చెంచాడు తీసి ఆయన చొక్కా జేబులో వేశాను. నా ఓపిక అంతే.

మామయ్య మాత్రం నవ్వలేదు. రెండో ప్యాకెట్ విప్పి ఒక పాస్తా గొట్టం తీసి, పంటి కింద పెట్టి టక్కున కొరికి, తల పక్కకు వంచి ఆ చప్పుడు విన్నాడు.

"ఆరుదల మంచిగనే ఉన్నది. గని ఇది కొత్త సరుకమ్మా. కొత్త బియ్యం గిట్లనే ముద్దయితయి. ఏడాది పాతవడాలె, అప్పుడు పలుకుపలుకయితది."

"ఏడాదా! నాకు ఎల్లుండికి కావాలి మామయ్యా."

"గట్లయితే ఆవిరి పట్టాలె."

మిల్లులో కొత్త వడ్లకు ఆవిరి పట్టి ఎండబోస్తారు. అప్పుడు ఆ బియ్యం పాతబియ్యంలా విడివిడిగా ఉడుకుతాయి. ఇది వడ్లు కాదు మామయ్యా, గోధుమ పిండితో చేసింది అని మొత్తుకున్నాను.

"పిండి ఏడికెల్లొస్తది? గింజల నుంచే గదా?" అన్నాడు.

ప్యాకెట్ సంచిలో వేసుకుని ఆటో ఎక్కి మిల్లుకు వెళ్లిపోయాడు. తర్వాత ఆయన చెబితే తెలిసింది. పాస్తాను గుడ్డలో మూట కట్టి ఆవిరి గొట్టం దగ్గర పట్టుకున్నారట. సేటు గదిలోంచి బయటికొచ్చి ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి, "ఇదేం రకం?" అని అడిగాడట. మామయ్య "సూర్యాపేట రకం" అన్నాడట. సేటు ఒప్పుకుని తలూపాడట! తర్వాత పట్టా పరిచి ఎండబోశారు. కాకులు రాకుండా మిల్లులో పనిచేసే ఒకామె కర్ర పట్టుకుని కాపలా కూర్చుంది. ఒక కాకి ఎత్తుకుపోయి కూడా నచ్చక వదిలేసిందట.

సాయంత్రం వచ్చిన మూట విప్పితే సగం గొట్టాలు ఒకదానికొకటి అతుక్కుని గడ్డకట్టి ఉన్నాయి. మామయ్య కంగారు పడలేదు. వాకిట్లో చాట ముందేసుకుని, కళ్లజోడు పెట్టుకుని, ఒక్కొక్కటీ గోటితో విడదీస్తూ గంటన్నర కూర్చున్నాడు. ఒక్కటి విరగలేదు.

"సూడు, నూక లేదు" అని చాట నాకు అందించాడు.

ఆ వేళ్ల వైపు చూస్తూ నిలబడ్డాను. ఇంత సన్న పని చేసే వేళ్లకు ముల్లు తీయడం ఎందుకు రాదు? గట్టిగా అరిచి అడగాలనిపించింది. పళ్లు బిగపట్టుకుని చాట లోపలికి తీసుకెళ్లాను.

కార్తె రోజు పొద్దున్నే మా ఆయన చేపల మార్కెట్‌కు వెళ్లి, జనంలో ఒక చెప్పు పోగొట్టుకుని, పెద్ద బొచ్చె చేప తెచ్చాడు. ఆ చేప రుచికి రుచే. ముళ్లు మాత్రం కండలోకంటా చీలి ఉంటాయి. వదిన సూర్యాపేట నుంచి మొదటి బస్సుకే వచ్చి ఒక పొయ్యి మీద మట్టిచట్టిలో పులుసు పెట్టింది. రెండో పొయ్యి నాది. నాలుగు పెద్ద ముక్కలు పసుపు, ఉప్పు వేసి ఆవిరికి పెట్టి, చల్లారాక పళ్లెంలో వేసుకుని ముళ్లు ఏరడం మొదలుపెట్టాను. వేళ్లతో తడమడం, నలపడం, మళ్లీ తడమడం. ఒక్కటి మిగిలినా ఆయన గొంతులో దిగుతుంది. ఆ భయంతో చిదిమిన చేపనే మూడుసార్లు చిదిమాను.

వదిన పక్కనుంచి చూసి చూసి, "మంచిగున్న శాపను గట్ల పిసుకుతరా? గిది వంటనా, పగనా?" అంది.

నేను ఇంకో ముక్క అందుకున్నాను. మామయ్య మంచినీళ్లకని వంటింట్లోకి వస్తే, వదిన అటు తిరిగినప్పుడు ఆయన చెవి దగ్గర చెప్పాను.

"మామయ్యా, ఆ ఉండల్లో చేప ఉంటుంది. ముల్లు ఒక్కటి ఉండదు, నేనే తీశాను. ఎవరికీ చెప్పను. కార్తె కార్తెలా జరుగుతుంది, మీ మాట మీకుంటుంది. తినండి."

ఆయన నా వైపు చూడలేదు. "నాకేం అక్కెర" అన్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగి, "ఏం శాప?" అన్నాడు.

"బొచ్చె."

"ఊ" అని వెళ్లిపోయాడు.

మొదటి ఉండ సాసులో వేయగానే విచ్చుకుని కరిగిపోయింది. రెండోదీ అంతే. ఇంకొకటి వేస్తే సాసు కాస్తా చేపల జావ అయ్యేలా ఉంది. ఏడుపొచ్చింది. కోదాడకు ఫోన్ చేశాను.

"చేపని ఉండలు చేయడమేంటే నీ మొహం! ఎవరికి?" అంది అమ్మ.

"ఎవరికో ఒకరికి. ఉండ విడిపోతోంది, ఏం కలపాలో చెప్పు ముందు."

"బియ్యప్పిండి కలిపి గుడ్డు కొట్టు. ముందు పెనం మీద అటూ ఇటూ కాల్చి, అప్పుడు వెయ్యి. అయినా మృగశిర రోజు ఈ వేషాలేంటే? మీ అత్తగారుంటే నీకు చీపురు తిరగేసేది!"

అత్తగారుంటే నాకీ వేషాలెందుకు? ఆ మాట అనకుండానే ఫోన్ పెట్టేశాను. ఉండలు నిలబడ్డాయి. సాసు రుచి చూస్తే చప్పగా, తియ్యగా ఏదోలా ఉంది. చేయి ఊరుకోలేదు. కొంచెం చింతపండు పిండాను, మెంతిపొడి వేశాను, ఇంకాస్త కారం, చివర్లో కొత్తిమీర. అప్పుడు మనిషి తినేలా అయింది. పాస్తాను ఈసారి కుక్కర్లో పెట్టకుండా ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చాను. మామయ్య ఆవిరి మహిమో, నా వార్పు మహిమో, ఒకదానికొకటి అంటుకోలేదు. వదిన ఆ గంజిని గ్లాసులో పట్టుకుని ఉప్పు వేసుకుని తాగింది. "గంజి మంచిగనే ఉన్నది" అంది, వంట మొత్తంలో ఆమె మెచ్చుకున్నది అదొక్కటే.

మధ్యాహ్నం అందరం కింద కూర్చున్నాం. అందరి కంచాల్లో అన్నం, చేపల పులుసు. మామయ్య కంచంలో పాస్తా, ఎర్రటి సాసు, నాలుగు ఉండలు. ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే పక్కింటి పెద్దమ్మ వాళ్లింటి చేపల కూర గిన్నెతో వచ్చింది. ఆ రోజు వండినది ఒకరికొకరు ఇచ్చుకుంటాం.

"గవేందియే ఎర్రగ?" అని మామయ్య కంచం ముందు కూలబడింది.

"టమాటా ఉండలు పెద్దమ్మా."

"టమాటతోని ఉండ ఎట్లైతదే? నీళ్లైతది గని!"

అంటూనే ఒక ఉండ తీసి నోట్లో వేసుకుంది! నేను చేయి చాపేలోపే నమిలేసింది. నమలడం ఆపి కళ్లు పెద్దవి చేసింది.

"ఓ యమ్మో! ఇండ్ల శాపున్నది!"

మా ఆయన ముద్ద కంచంలో వదిలేసి, "నాయినకు శాప వెట్టినవా? ఆయన ఇడిసిపెట్టిండని ఎర్క లేదా నీకు?" అని నా మీదికి లేచాడు. వదిన కూడా కంచం ముందు నుంచి లేచింది.

"మా అమ్మ పేరు మీద ఇడిసిపెట్టిండే! దొంగతనంగ తినిపిచ్చి నిష్ఠ చెడగొడ్తవా? గందుకానే గా పాస్తా తెమ్మన్నది?"

నిజం చెబితే ఆయన పరువు పోతుంది, చెప్పకపోతే నాది పోతుంది. ఏదో ఒకటి అనాలి కదా అని, "అది చేపెలా అవుతుంది వదినా? తల లేదు, తోక లేదు, ముల్లు లేదు" అన్నాను.

"తల లేకుంటే శాప గాదా? మనం తినే ముక్కకు తలున్నదా?" అన్నాడు మా ఆయన.

"గుడ్డు కలిపాను. బియ్యప్పిండి కలిపాను. సగం చేపే."

"సగం శాపైతే సగం నిష్ఠ చెడ్డట్టే" అంది పెద్దమ్మ తీర్పు చెబుతున్నట్టు. మళ్లీ తనే ఆలోచనలో పడింది. "గని తోక లేకుంటే మిర్గం కార్తెకు లెక్కల వస్తదా? రాదేమో!"

లెక్కలోకి వస్తుందా రాదా అని వాళ్లు నిజంగానే వాదించుకోవడం మొదలుపెట్టారు. వస్తే నిష్ఠ చెడినట్టని వదిన. రాకపోతే నిష్ఠా చెడలేదు, కార్తే గడవలేదని పెద్దమ్మ. సూర్యాపేటలో పురోహితుణ్ని అడుగుదామని మా ఆయన ఫోన్ తీశాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. గొంతు దాకా వచ్చింది మాట. మామయ్య వైపు చూస్తే ఆయన దగ్గు ఆపుకుంటున్నాడు. మింగేశాను.

"ఆపుండ్రి" అన్నాడు మామయ్య.

గట్టిగా అనలేదు. అయినా అందరూ ఆగారు.

"ఆ పిల్లనేం అనకుండ్రి. నేనేం నిష్ఠ పట్టలె. నాకు ముండ్లు తీయరాదు."

ఎవరికీ అర్థం కాలేదు. మా ఆయన, "అంటే?" అన్నాడు.

"అంటే ఏంది, రాదు. ఎన్నడు తీయలె. మీ అమ్మ తీసిచ్చేది. ఆమె పోయినంక ఎవలనడగాల్నో తెల్వక తిననన్న. మీరేమో ఏందేందో అనుకున్నరు. నేను అననిచ్చిన."

ఇంత చెప్పడానికి ఆయనకు చెమటలు పట్టాయి. మామయ్య ఒక ఉండను సగం తుంచి తిని, పాస్తా రెండు గొట్టాలు నమిలాడు.

"వంట మంచిగనే చేసినవ్ బిడ్డా. గని ఇది శాప తిన్నట్టు లేదు." కంచం నా వైపు జరిపాడు. తల మాత్రం ఎత్తలేదు. "గా పులుసుల ముక్కొకటి ఎయ్యి. ముండ్లు తీసియ్యి."

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

"ఈ ఒక్క మాట ఎనిమిది నెలల కిందట అనొచ్చు కదా మామయ్యా! పాస్తా మిల్లు దాకా వెళ్లొచ్చింది! పొద్దున్నుంచి చేపను పిసికి పిసికి నా చేతులు పడిపోయాయి!"

"సిగ్గయింది" అన్నాడు.

వదిన ముక్కు చీదుకుంటూ ఆయన కంచంలో అన్నం, పులుసులోంచి ఒక ముక్క వేసి, "నేను తీస్త నాయినా" అని కంచంలో చేయి పెట్టింది. మా ఆయన కూడా పెట్టాడు. పెద్దమ్మ కూడా పెట్టింది. ఒక్క ముక్క చుట్టూ మూడు చేతులు.

"అరే, ఒక్కలు తీయుండ్రి! ఎవలు ఏడ ఇడిసిపెట్టిన్రో తెల్వక సస్త నేను!" అని అరిచాడు మామయ్య.

అందరి చేతులూ తోసేసి ఆయన కంచం పక్కన కూర్చున్నాను. ముక్క విప్పి, నడుమ ముల్లు తీసి, సన్నవి ఒక్కొక్కటిగా లాగాను. వేళ్లతో నలిపి చూశాను. మళ్లీ నలిపాను. ఇక లేదనిపించాక అన్నం మీద పెట్టాను. మామయ్య ముద్ద కలిపి, చూడకుండానే నోట్లో పెట్టుకున్నాడు. నమిలి మింగి, ఇంకో ముక్క కోసం ఆగాడు.

నా కళ్లల్లో నీళ్లు నిండి చేప మసకమసకగా కనిపించింది. అలా ఉంటే ముల్లేం కనిపిస్తుంది? భుజంతో కళ్లు తుడుచుకుని రెండో ముక్క విప్పాను.